తిరుపతిలో నాన్నగారికి పక్క తడుస్తోంది, డాలస్ నుంచి తడి తగిలితే మోగే సెన్సర్ పంపొచ్చా?

పంపొచ్చు. కానీ ముందు ఒకటి తేల్చుకోండి: రాత్రి బెల్లు మోగితే లేచి దుప్పటి మార్చేదెవరు? అమ్మగారో, రాత్రిపూట ఉండే ఆయమ్మో. అలాంటప్పుడు బెల్లు మోగాల్సింది వాళ్ల చెవి దగ్గర. అక్కడ రాత్రి 2 అయితే డాలస్‌లో, వేసవిలో, ముందురోజు మధ్యాహ్నం 3:30. మీరు మీటింగులో ఉంటారు, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. కొత్తగా సెన్సర్ పెట్టేవాళ్లు అలర్టంతా తమ ఫోన్‌కే పెట్టుకుని, ఇంట్లో ఏమీ మోగకుండా వదిలేస్తుంటారు.

సింకు కింద పెట్టే గుండ్రటి లీక్ సెన్సర్‌ను పక్క మీద వాడొద్దు. ఆ గట్టి బిళ్ల నడుం కింద ఒత్తుకుంటే పుండు పడుతుంది. బాత్రూంలోనూ దండగే: మన బాత్రూం నేల ఎప్పుడూ తడే కాబట్టి రోజంతా మోగుతుంది. మెత్తటి గుడ్డ ప్యాడ్, దానికి వైర్‌లెస్ బెల్లు ఉన్నది తీసుకోండి. అడాప్టర్ మీద 100-240 వోల్టులని లేకపోతే అమెరికాది అక్కడ పెట్టొద్దు. ఇలాంటి సెన్సర్లు వైర్ లేకుండా మాట్లాడుకునే పద్ధతుల్లో జడ్-వేవ్, జిగ్‌బీ రెండు. జడ్-వేవ్ పరికరాలు అసలు మోసుకెళ్లొద్దు, రెండు దేశాల్లో ఫ్రీక్వెన్సీలు వేరు. జిగ్‌బీ అయితే రెండుచోట్లా 2.4 గిగాహెర్ట్జే.

పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద ప్యాడ్ సరిగ్గా తుంటి కింద, పైన ఒకే ఒక నూలు దుప్పటి. దుప్పట్లు రెండు మూడు వేస్తే తడి ప్యాడ్‌కి చేరేసరికి ఆలస్యమై చర్మం ఒరిసిపోతుంది. డైపర్ వేస్తే, అది పొర్లేదాకా ఈ ప్యాడ్‌కి తెలియదు. ఊరికే మోగుతోందంటే సాధారణంగా రెండు కారణాలు: మే నెల చెమట, లేదా ఎండిపోయిన మూత్రపు ఉప్పు. మార్చిన ప్రతిసారీ సబ్బునీళ్ల గుడ్డతో, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి. అందుకే ప్యాడ్‌లు రెండు కొనండి.

పక్క తడవకముందే కాళ్లు నేల మీద పెట్టేవారైతే, మంచం కింద చీలమండ ఎత్తున మోషన్ సెన్సర్ పెట్టి బాత్రూం దారి లైటుకు కలపండి. పక్కలో దొర్లితే వెలగదు, కాలు దించితే వెలుగుతుంది. అది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా చూసి పనిచేస్తుంది, కాబట్టి మండు వేసవిలో కాస్త మందగిస్తుంది, సెన్సిటివిటీ పెంచుకోండి. రౌటర్‌నీ, సెన్సర్లను కలిపే హబ్ డబ్బానీ ఇన్వర్టర్ లైన్‌కి మార్పించండి, కరెంటు పోయిన రాత్రి కూడా పనిచెయ్యాలి కదా. కెమెరా మాత్రం వద్దు, నాన్నగారు ఒప్పుకున్నా సరే.

రెండు వారాలపాటు పక్క తడిసిన టైములు రాసి చూస్తే చాలాసార్లు ఒకే వేళ తేలుతుంది. దానికి అరగంట ముందు లేపితే చాలు. నీరు పోయే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే ఉదయానికి మార్చొచ్చా అని డాక్టరునే అడగండి. ఇది ఉన్నట్టుండి మొదలైతే, జ్వరమో మంటో ఉంటే, సెన్సర్ కోసం ఆగకుండా మూత్ర పరీక్ష చేయించి ఆ కాగితంతో తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి యూరాలజీ (మూత్ర వ్యాధుల) ఓపీకి తీసుకెళ్లమనండి.