ఫ్లెక్సీ వద్దు, చిన్న పుస్తకం వేయించండి

ప్రశ్న: మా తమ్ముడు 23 ఏళ్లకే పోయాడు. రెండు నెలల్లో సంవత్సరీకం. విశాఖలో ఉంటాం. కూడలిలో ఫ్లెక్సీ కాకుండా, వాడు గుర్తుండేలా ఏం చేయొచ్చు?

అమ్మా, రెండు నెలలు సరిపోతాయి. తమ్ముడి జ్ఞాపకాలతో 32 పేజీల చిన్న పుస్తకం వేయించండి. ఇలాంటి పుస్తకాలకు పేజీలు కట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఎక్కడ చెడిపోతుందో తెలిసి చెబుతున్నాను.

ముందు ఫోను సంగతి చూడండి. తమ్ముడి సిమ్ ఇంకా పనిచేస్తుంటే ఈరోజే రీచార్జి చేయించండి. వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు దాటాక ఆపేయొచ్చు, తర్వాత అది ఇంకొకరికి పోతుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకపోతే తీసేస్తారు. గూగుల్ ఖాతాకు రెండేళ్ల గడువు ఉంది, అందులోని ఫోటోలు ఆ లోపే దించుకోండి. అన్నీ పోయినా నిరాశపడకండి, ఎందుకంటే మీ తమ్ముడి గొంతు స్నేహితుల ఫోన్లలో ఉంటుంది. వాళ్లను చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, మోర్‌లోకి వెళ్లి, ఎక్స్‌పోర్ట్ చాట్‌లో మీడియాతో సహా అన్నది ఎంచుకోమనండి. చివరి 10,000 సందేశాల దాకా వస్తాయి. వాయిస్ నోట్లు ఓపస్ అనే ఆడియో ఫైళ్లుగా దిగుతాయి. దిగిన వెంటనే తేదీ, ఆ చాట్ ఇచ్చిన స్నేహితుడి పేరు పెట్టి దాచండి, లేకపోతే పది రోజుల తర్వాత ఏది ఎవరికి పంపాడో ఎవరికీ తెలియదు. చాట్లు చదివే పని ఒక్కరికే అప్పగించండి, వయసులో దగ్గరివాళ్లకి. అమ్మానాన్నలకి వద్దు. బతికుంటే తను చూపించని మాటలు పుస్తకంలోకీ రాకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో నూటికి తొంభై ఒకేలా ఉంటాయి: స్నేహశీలి, మృదుభాషి, అందరికీ తలలో నాలుక. పేరు మారిస్తే ఏ అబ్బాయికైనా సరిపోతాయి. అదే నాకు బాధ. కుర్రాడు ఒకసారి పోయాడు, ఈ విశేషణాల కింద రెండోసారి పోతున్నాడు. ఎలాంటివాడు అని అడిగితే అవే వస్తాయి. ఏ వేళకి ఏం చేసేవాడు అని అడగండి.

గాజువాక వైపు ఒక ఇల్లు. అబ్బాయి కాంట్రాక్టు ఫిట్టరు, బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. తల్లి గంటసేపు ‘మంచోడు బాబూ’ అన్న మాట తప్ప ఇంకోటి చెప్పలేకపోయింది. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక ముందు ఏం చేసేవాడమ్మా అని అడిగితే లేచి నిలబడింది. తలుపు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి నడిచి చూపించింది. హెల్మెట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. ఫ్రిజ్‌కి ఒక కాలు పొట్టి, అందుకని టకటకమనేది. ‘ఆ చప్పుడైతే గానీ నాకు నిద్దరట్టీది కాదు. ఏటిరా ఇంత రేత్రి అంటే, బస్సు లేటయిపోనాదమ్మా అనీవోడు.’ నిలబడే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తినేవాడు. వేయించిన ఎండు నెత్తళ్లుంటే రెండు తీసి వీధికుక్కకి పడేసేవాడు. లోపలున్న తండ్రి అప్పుడు నోరు విప్పాడు, ఆ కుక్క ఇప్పటికీ పదిన్నరకి గుమ్మం దగ్గరికొస్తుందని. చెల్లెలు తన ఫీజు అన్నయ్య కట్టిన రసీదు తెచ్చింది. మూడు పేజీల మేటరు అక్కడ నలభై నిమిషాల్లో తయారైంది. అందులో మంచివాడు అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

అలా రావాలంటే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. అందరూ ఒకేచోట ఉంటే పెద్దమామ ఒక్కడే మాట్లాడతాడు. రికార్డింగును ఎక్కువగా చెడగొట్టేది ఫ్యాను రొద. మన ఊరి ఉక్కపోతలో ఫ్యాను ఆపడం కష్టం కాబట్టి తెల్లారి ఆరున్నరకే కూర్చోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. ఏ బస్సెక్కేవాడు, 900కె లో భీమిలి వెళ్లేటప్పుడు ఏ పక్క కూర్చునేవాడు, బీచ్‌లో మురీ మిక్స్చర్‌లో ఏం వద్దనేవాడు, ఎవరి దగ్గర అప్పు చేశాడు, ఏ మాటకి కోపం వచ్చేది, ఇవి అడగండి. కోపాలు కూడా రాయించండి. కోపం లేని పాతికేళ్లలోపు కుర్రాడిని ఎవరూ నమ్మరు.

రాసేటప్పుడు యాస దిద్దకండి. ‘వచ్చీసినాడు’ అన్నది అలాగే ఉండాలి. వాయిస్ టైపింగు దాన్ని ‘వచ్చేశాడు’ చేస్తుంది, టైపు చేసే కుర్రాళ్లు కూడా మర్యాదగా దిద్దేస్తారు. ప్రూఫులో, అంటే అచ్చుకు ముందు దిద్దే నకలులో, మళ్లీ వెనక్కి మార్చండి. ఉత్తరాంధ్ర మాట అచ్చులో కనిపిస్తే నామోషీ అనుకునే జబ్బు మనకెందుకు పట్టిందో గానీ, తల్లి కొడుకుని పిలిచిన మాటే దిద్దేశాక ఇంక ఆ పుస్తకం ఎవరికి?

పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో చూసి వేసేయకండి. బడిలో చేర్చేటప్పుడు రాయించిన తేదీ వేరే అయి ఉంటుంది చాలామందికి. జనన ధ్రువపత్రం చూడండి, అమ్మని అడగండి. పోయిన కారణానికి ఒక వాక్యం చాలు.

ఫోటోలు 300 డీపీఐలో ఉండాలి, అంటే అంగుళానికి 300 చుక్కలు. 5 × 7 అంగుళాల బొమ్మకి 1500 × 2100 పిక్సెళ్లు కావాలన్నమాట. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 దగ్గరికి కుదించేస్తుంది. అందుకని డాక్యుమెంటుగా పంపమనండి. పాత ప్రింట్లు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి తడిసిన ఆల్బములు ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నాయి. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, పైపొర ఊడి ముఖం పోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టించండి.

డెమ్మీ 1/8 సైజు, అంటే 5.5 × 8.5 అంగుళాలు, చేతిలో బాగుంటుంది. లోపలికి 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో, అంటే మెరుపు లేని మామూలు కాగితం తీసుకోండి. షాపువాళ్లు మెరుపు చూపించి ఆర్ట్ పేపర్ అంటారు. అది తడిస్తే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి విడదీయలేం. ఫోటోలకు ఎనిమిది పేజీలు కేటాయించి, వాటికి మాత్రం 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ వాడి, మధ్యలో పెట్టించండి. అట్టకు 300 జీఎస్ఎం, మ్యాట్ లామినేషన్. పేజీల లెక్క నాలుగుతో భాగించేలా ఉండాలి, లేకపోతే ఎక్కడో ఖాళీ పేజీ మిగులుతుంది. సెంటర్ పిన్ను, అంటే మడత మధ్యలో కొట్టే ఇనుప పిన్ను వద్దు. సముద్రపు గాలికి తుప్పు పట్టి, మడత దగ్గర గోధుమరంగు మరక దిగుతుంది. దారంతో కుట్టించండి. యాభై, వంద కాపీలకు డిజిటల్ ప్రింటు చాలు, ఆఫ్‌సెట్ అచ్చుకి పోతే దానికి ముందు చేయించాల్సిన ప్లేట్ల ఖర్చు దండగ.

ఫోన్లో టైపు చేసిన తెలుగు యూనికోడ్ అనే పద్ధతిలో ఉంటుంది. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ దాన్ని చదవలేదు. దానికి సరిపోయే పాత అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు ఊడతాయి, పేర్లే ముందు చెడతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్లని వెతికి, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టారా అని అడగండి. అది లేకపోతే వత్తు అక్షరం కింద కాకుండా పక్కన కూర్చుంటుంది. ప్రూఫు తెర మీద కాదు, కాగితం మీద తీయించి, ఇంట్లో పైకి చదివించండి.

మాటలు సేకరించడానికి నాలుగు వారాలు, పేజీలకు రెండు, ప్రూఫులకూ అచ్చుకూ రెండు. చివర నాలుగు పేజీలు ఖాళీగా వదలండి, గీతలు కూడా వద్దు. సంవత్సరీకం నాడు పుస్తకంతో పాటు ఒక బాల్‌పెన్ కూడా పెట్టండి. మీకు తెలియని స్నేహితుడెవరో వచ్చి, ఇది వేయలేదేంటక్కా అంటాడు. అక్కడే రాయించుకోండి.