‘పారనాయిడ్’ పాట చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. బ్రిటిష్ రాక్ బృందం బ్లాక్ సబత్ 1970లో విడుదల చేసిన ‘పారనాయిడ్’ సింగిల్ (ఆల్బమ్‌తో పనిలేకుండా పాటను విడిగా అమ్మే రికార్డు) మీద వ్యాసం రాయాలనుకుంటున్నావనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ముప్పై ఏళ్ళకు పైగా పాటల గురించి రాస్తూ వచ్చాను. నేను ఆలస్యంగా తెలుసుకున్న కొన్ని సంగతులు నీకు ముందే తెలిస్తే మంచిదనిపించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ పాట గురించి ఎవరిని అడిగినా ముందుగా ఒకే కథ చెబుతారు. 1970 జూన్‌లో లండన్‌లో రెండో ఆల్బమ్ రికార్డింగ్ జరుగుతుండగా, నిడివికి పాటలు చాలక మరో మూడు నిమిషాల పాట కావలసి వచ్చింది. మిగిలినవాళ్ళు భోజనానికి వెళ్ళిన వేళ టోనీ అయోమీ గిటార్ మీద ఒక రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వరాల వరస) కట్టి, వాళ్ళు తిరిగి రాగానే వినిపించాడు. బాస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ అప్పటికప్పుడు మాటలు రాశాడు, ఆజీ ఆస్‌బర్న్ ఆ కాగితం చూస్తూ పాడాడు, బిల్ వార్డ్ డ్రమ్స్ వాయించాడు. కథ సారాంశం నిజమే, దాని మీద ఆ నలుగురికీ పేచీ లేదు. అయితే ఎంత సేపట్లో అయిందన్న దగ్గర జ్ఞాపకాలు కలవవు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలని ఒకరంటే, రెండు గంటలని మరొకరు అంటారు. వాటిలో ఆకర్షణీయమైన అంకెను ఎంచుకుని శీర్షికలో పెట్టాలన్న కోరిక నీకు తప్పకుండా కలుగుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టు. ఎవరు ఏమన్నారో పాఠకుడికి తెలిస్తే చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రాయడం మొదలుపెట్టిన తొలి రోజులలో, ఒక పాట రికార్డింగ్ గురించి ఎవరో చెప్పగా విన్న ముచ్చటను నిజమన్నట్టే వ్యాసంలో రాసేశాను. ఒక పాఠకుడు ఆ రికార్డు అట్ట మీది వివరాలను వరసగా ఎత్తిరాసి పంపాడు. నేను రాసినదానికి వాటితో పొంతనే లేదు. ఆ వ్యాసం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటి నుంచి మనుషుల జ్ఞాపకాలకు ముందు వస్తువులను చూడడం అలవాటు చేసుకున్నాను.

నీ పాట విషయంలో అలాంటి సాక్ష్యం చెప్పే వస్తువు ఆల్బమ్ అట్ట. చీకట్లో కత్తీ డాలూ పట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని ఒక మనిషి చెట్టు వెనుక నుంచి దూకివస్తున్న బొమ్మ అది. ‘పారనాయిడ్’ అంటే ఎవరో కీడు తలపెడుతున్నారన్న అకారణ భయంతో ఉన్నవాడు; ఆ మాటకూ ఆ బొమ్మకూ ఏ సంబంధమూ కనిపించదు, ఎందుకంటే ఆల్బమ్‌కు మొదట అనుకున్న పేరు ‘వార్ పిగ్స్’, అంటే యుద్ధపు పందులు. సింగిల్ బాగా అమ్ముడుపోవడంతో రికార్డు సంస్థ పేరు మార్చిందని కొందరూ, వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులలో ఆ పాత పేరు అమెరికాలో ఇబ్బంది తెస్తుందని జంకిందని మరికొందరూ చెబుతారు. రెండూ కలిసి పనిచేసి ఉండవచ్చునని నా అభిప్రాయం. ఏమైనా పేరు మారిందిగానీ బొమ్మ మారలేదు. ఆల్బమ్‌లో ఖాళీ పూరించడానికి కట్టిన పాట చివరకు ఆల్బమ్ పేరునే ఆక్రమించిందన్న సంగతికి ఆ అట్టను మించిన రుజువు దొరకదు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట. పాట కట్టిన ఆ కొద్దిసేపటి గురించి నాలుగు వాక్యాలు రాస్తే, వాటి వెనుక ఉన్న ఏళ్ళ గురించి నాలుగు పేరాలు రాయి. అవధాని వేదిక మీద క్షణంలో పద్యం చెప్పినప్పుడు, ఆ క్షణం వెనుక ఎన్నేళ్ళ ధారణ ఉందో మన పెద్దలకు తెలుసు కాబట్టే తలవంచి నమస్కరించేవారు. ఇక్కడా సంగతి అదే. అయోమీ పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల కర్మాగారంలో పనిచేస్తుండగా, ఇక మానేద్దామనుకున్న ఆఖరి రోజున, యంత్రం కింద చిక్కి కుడి చేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలను నొక్కవలసిన చెయ్యి సరిగ్గా అదే. నిరాశలో ఉన్న అతనికి ఆ కర్మాగారం మేనేజరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో ఎడమ చెయ్యి దెబ్బతిని, ప్రధానంగా రెండు వేళ్ళతోనే వాయించిన గొప్ప జాజ్ గిటారిస్టు ఆయన. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించుకున్నాడు, నొక్కడం తేలిక కావాలని బాంజో తీగలు బిగించి చూశాడు. ఈ భాగం తొందరపడి దాటేయవద్దు. పలచని తీగలు, రెండు స్వరాలను కలిపి మోగిస్తూ తక్కువ వేళ్ళతో పట్టగల పవర్ కార్డులు, ఒక రిఫ్ చుట్టూ పాట మొత్తం తిరగడం, ఇవన్నీ ఆ చేతికి వీలైన దారిని వెతుక్కుంటూ పుట్టినవే.

ఆ తరువాత నలుగురూ కలిసి వాయించిన కాలం గురించి కూడా చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతపు కార్మిక కుటుంబాల పిల్లలు వాళ్ళు. జర్మనీలో హాంబర్గ్ స్టార్ క్లబ్‌లో రోజుకు పలుమార్లు వేదికెక్కి వాయించారు. మొదటి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో దాదాపు ఒక్క రోజులోనే రికార్డు చేశారు. ఒకరు రిఫ్ ఎత్తుకుంటే మిగిలిన ముగ్గురూ ఎక్కడ కలవాలో చెప్పుకోనవసరం లేని స్థితికి అప్పటికే చేరుకున్నారు. నిర్మాత రాజర్ బేన్ కూడా వాళ్ళు కలిసి వాయించినప్పటి బిగువు చెడకుండా రికార్డు చేశాడు.

రాయడానికి కూర్చునే ముందు పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కనీసం పదిసార్లు విను. మూడు నిమిషాలైనా లేని ఈ పాటలో పల్లవి లేదు. చరణాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయి, నడుమ సాయం అడిగే చిన్న భాగం ఒకటి వస్తుంది. గిటార్ సోలో (గిటార్ ఒక్కటే ముందుకు వచ్చే భాగం) వచ్చినప్పుడు ఒక చెవిలో మామూలు ధ్వని, రెండో చెవిలో అదే సోలో రింగ్ మాడ్యులేటర్ అనే ధ్వనిని మార్చే పరికరం గుండా వచ్చి చీలినట్టు వినిపిస్తుంది. పాట పేరైన మాట పాటలో ఒక్కసారి కూడా రాదు. ఇవి నీ చెవులతో నువ్వు తేల్చుకోగల నిజాలు కాబట్టి ధైర్యంగా రాయి.

మాటల అర్థం దగ్గరకు వచ్చేసరికి మాత్రం జాగ్రత్త అవసరం. తన మనసుకు సాయపడలేకపోయిందని ప్రియురాలిని విడిచిన మనిషి, సంతోషం అంటే ఏమిటో తెలియనివాడు, మాట్లాడుతున్నాడు. కుంగుబాటుకూ, ఎవరో కీడు తలపెడుతున్నారన్న అకారణ భయానికీ తేడా అప్పట్లో తనకు సరిగా తెలియదని గీజర్ బట్లర్ తరువాత చెప్పాడు. అంటే ఇది కుంగుబాటు గురించిన పాట, ఆ బాధ నిజంగా అనుభవించిన యువకుడు రాసినది. చివర్లో ఆ మనిషి, నాకు ఆలస్యమైపోయింది, మీరైనా జీవితాన్ని ఆస్వాదించండి అంటాడు. ఆ మాటను కొందరు పొరపాటున చావమని చెప్పినట్టు విన్నారు. ఇది తప్పకుండా సరిదిద్దు. అదే బాధలో ఉన్న పాఠకుడు నీ వ్యాసం చదవవచ్చు.

అంకెలు ఎక్కువ వద్దు. అమ్మకాల పట్టికలలో సింగిల్ బ్రిటన్‌లో 4వ స్థానానికి, అమెరికాలో 61వ స్థానానికి చేరింది. సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది, మళ్ళీ ఆ స్థానం వాళ్ళకు 2013లో గానీ దక్కలేదు. ఆ వారాలలోనే మరో బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ సింగిల్ ‘బ్లాక్ నైట్’ అక్కడే 2వ స్థానం దాకా వెళ్ళింది. అది కూడా సింగిల్ కావాలని సంస్థ అడిగిన మీదట ఆల్బమ్ పూర్తయ్యాక కట్టిన పాటే కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. విజయం వల్ల వచ్చిన చిక్కు కూడా రాయి. బ్రిటిష్ టీవీలో వచ్చిన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ పాటల కార్యక్రమంలో కనిపించాక, తమ సంగీతం కోసం కాక కేకలు వేయడానికే వచ్చే కొత్త జనం పెరగడం ఆ నలుగురికీ నచ్చలేదు. సింగిల్స్ వెంట పడకూడదనుకున్నారు.

ఈ తరహా సంగీతానికి ఇప్పుడు వాడే ‘హెవీ మెటల్’ అన్న పేరును 1970 నాటి ఆ నలుగురి నోట పెట్టవద్దు. ఆ ముద్ర తరువాత స్థిరపడింది, దాన్ని వాళ్ళు వెంటనే ఇష్టపడనూ లేదు.

చివరగా, 2025 జూలై 5న ఆ నలుగురూ తాము పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో మళ్ళీ కలిసి వాయించారు. ఆఖరుగా వాయించిన పాట ఇదే. జూలై 22న ఆజీ కన్నుమూశాడు. చాలామంది వ్యాసాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడతారు. నువ్వు మాత్రం దీన్ని చివరి పేరాకు దాచి, తేదీలూ స్థలమూ చెప్పి ఊరుకో. విశేషణాలు వేయవద్దు.

చిత్తుప్రతి సిద్ధం కాగానే నాకు పంపు. కర్మాగారం భాగం ముందుగా చదువుతాను.

ఇట్లు,
మీ మావయ్య