మోచేతి కంటే ఆ మాత్రలతోనే నాకు టెన్షన్

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాను. నాలుగు నెలలుగా కుడి మోచేతి బయటివైపు ఒకటే నొప్పి, టీ గ్లాసు ఎత్తినా లాగేస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాను. ఆర్‌ఎంపీ దగ్గర మోచేతికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే నెలన్నర హాయిగా ఉండి, మళ్లీ మొదలైంది. బీపీ మాత్ర వాడుతున్నాను. ఇది వాతమా? వంకాయ మానేయాలా? ఇంకో ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

జవాబు: వంకాయ నిక్షేపంగా తినండి. ముందు ఆ డైక్లోఫెనాక్ రోజుకెన్ని వేసుకుంటున్నారో చెప్పండి, అది రాయనే లేదు. బీపీ ఉన్న మనిషి, రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూ, నీళ్లు సరిగా తాగకుండా నెలల తరబడి ఈ మాత్రలు మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ కూడా అదుపు తప్పొచ్చు. కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు మన జిల్లాలో ఎవరికి తెలియనివి? అక్కడి కారణాలు వేరే కావచ్చు, మీరు కోరి తెచ్చుకోవడం ఎందుకు? ఈ వారమే బీపీ చూపించుకుని కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, యూరిన్ పరీక్ష చేయించండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

చెయ్యి చూడకుండా ఖాయంగా అనలేను గానీ, ఇది టెన్నిస్ ఎల్బోలా ఉంది. మణికట్టును పైకి లేపే కండరాల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పోగులు, మోచేతి బయటి ఎముక బుడిపెకు అతుక్కుని ఉంటాయి. గ్రైండర్‌ను బిగించి పట్టుకున్నంతసేపూ లాగుడంతా ఆ అతుకు మీదే. అక్కడ సన్నటి చీలికలు పడతాయి, అవి మానకముందే తెల్లారి మళ్లీ డ్యూటీ. పోనుపోను టెండన్ పోగులే నాణ్యత కోల్పోతాయి. మాత్ర నొప్పిని అణుస్తుందే తప్ప ఆ పోగుల్ని బాగుచేయదు. పైగా నొప్పి తెలియక మీరు ఇంకా గట్టిగా పని చేస్తారు.

ఇంజెక్షనూ అంతే. మొదట్లో సుఖంగానే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి వేయించుకోని వాళ్లే మెరుగ్గా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. పదేపదే గుచ్చితే టెండన్ బలహీనపడుతుంది. రెండోది వద్దు.

మేస్త్రీని అడిగి కొన్ని వారాలు వేరే పనికి మారండి. బరువులు అరచెయ్యి పైకి ఉండేలా ఎత్తండి. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. మణికట్టును ఎడమ చేత్తో పైకి లేపి, కుడి చేత్తోనే మెల్లగా దించండి. నొప్పి బాగా పెరిగితే ఆపేయండి. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపిస్తే మంచిది. తగ్గడానికి నెలలు పట్టొచ్చు, రెండు రోజులు చేసి వదిలేయకండి.

వేళ్లు తిమ్మిరెక్కినా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా, మోచెయ్యి వాచి జ్వరం వచ్చినా ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. ఇవేవీ లేకపోయినా నాలుగు నెలలైంది కాబట్టి ఒకసారి చూపించుకోవాల్సిందే. వెళ్లేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.