యోగా చేస్తే గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు మాత్రలు మానేయొచ్చా?

మీ నాన్నగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న జాలీ గొట్టం) వేసి నాలుగు నెలలైంది, యోగాతో ఆ నాళాల్లో అడ్డుపడ్డ బ్లాకులు కరిగిపోతాయని ఎవరో చెబితే మాత్రలు ఆపేస్తానంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. ముందు ఆ మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి. డాక్టరు చెప్పకుండా ఒక్కటీ ఆపనివ్వకండి. నాకు రెండు స్టెంట్లు, ఆరేళ్లయింది. రోజూ యోగా చేస్తాను, రోజూ మాత్రలూ వేసుకుంటాను. రెండింటికీ పేచీ ఏం లేదు.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చేసేవాణ్ని. మార్చి నెల వస్తే మాకెలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. స్టెంట్ వేశాక డాక్టరుగారు ముందు నడక, ఆ తర్వాత తేలిక ఆసనాలు అన్నారు. మా కాలనీ పార్కులో ఆరింటికి క్లాసు. నేర్పేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. మొదటిరోజు చివర్లో శవాసనం. ఇందులో ఏముంది, పడుకోవడమేగా అనుకున్నాను. మాస్టారు వచ్చి నా కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని జానెడు పైకెత్తి వదిలారు. స్టెంట్ ఎక్కించింది కూడా ఆ మణికట్టులోంచే. చెయ్యి కింద పడలేదు.

"వదిలేయండి సార్" అన్నారు.

"వదిలేశానండీ" అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, వేళ్లు పెన్ను పట్టుకున్నట్టు ముడుచుకుని. పక్క చాప మీద పెద్దావిడ కిసుక్కున నవ్వింది. ఆ చెయ్యి తనంతట తాను పడటానికి మూడు వారాలు పట్టింది. నన్నడిగితే గుండెజబ్బు వాడికి కావలసిన యోగా అదే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు శీర్షాసనం వేసి ఫొటోలు దిగుతుంటారు. మనకవి వద్దు, ఊపిరి బిగబట్టేవీ వద్దని డాక్టరుగారు ముందే చెప్పారు.

ఇక బ్లాకులు కరగడం సంగతి. 1990లో డీన్ ఆర్నిష్ అనే అమెరికా డాక్టరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన అధ్యయనమే వాట్సాప్‌లో రకరకాల వేషాల్లో తిరుగుతుంటుంది. అందులో ఉన్నది 50 మంది కూడా కాదు. ఏడాది తర్వాత బ్లాకు సగటున 40 శాతం నుంచి 37.8కి దిగింది. అదీ ఉత్త యోగాతో కాదు. సిగరెట్ మానేసి, నడిచి, కొవ్వు పది శాతం దాటని శాకాహారం తింటే. ఆ లెక్కన మన పోపు గరిటె కూడా అనుమానమే. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన దాదాపు 4 వేల మంది మీద యోగా పరీక్షించి 2020లో ఫలితాలు వేశారు. యోగా చేసినవాళ్లు పాత పనుల్లోకి బాగా తిరిగొచ్చారు, ఒంట్లో బాగుందన్నారు. మళ్లీ గుండెపోటు రావడం, చనిపోవడం తగ్గాయని మాత్రం గట్టిగా తేలలేదు.

అసలు నన్ను చంపేది బంధువులు. ఏ పెళ్లికెళ్లినా "ఒక్కరోజుకేం కాదులే బావా" అంటూ విస్తట్లో నాలుగు గారెలు పడేస్తారు. ఆ ఒక్కరోజు శ్రావణమాసంలో వారానికి మూడుసార్లు వస్తుంది!

ఈ రాత్రి మీ నాన్నగారు పడుకున్నాక, నిద్ర పట్టకముందే, చెయ్యి జానెడు ఎత్తి వదిలి చూడండి. పడకపోతే డాక్టరుగారిని అడిగి, రేపట్నుంచే చాప ఇచ్చి పార్కుకి పంపండి. మాత్ర వేసుకున్నాకే.