ఎవరికీ చెప్పని ఎఫ్‌డీలు ఏఐఎస్‌లోకి ఎలా వచ్చాయి?

ప్రశ్న: రిటైరైన టీచర్‌ని. రిటర్ను వేయడానికి వెళ్తే ఆడిటర్ గారు నా ఏఐఎస్ (పన్నుల శాఖ దగ్గరున్న నా ఏడాది ఆదాయం, లావాదేవీల పట్టిక) ప్రింటు చేతిలో పెట్టారు. పిల్లలకు కూడా చెప్పని రెండు ఎఫ్‌డీల వడ్డీ, అమ్మిన మ్యూచువల్ ఫండ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇవి ఎవరు చెప్పారు? ఇంకెవరు చూడగలరు? మా బంధువొకాయన ఆర్టీఐ పెట్టి లాగిస్తానంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆర్టీఐ సంగతి చెప్తాను. ఒకరి ఆదాయపు పన్ను రిటర్నుల్లోని వివరాలు వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఆర్టీఐ కింద ఇవ్వక్కర్లేదని 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బంధువు అడిగినంత మాత్రాన మీ లెక్కలు బయటికి రావు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఇక ఎవరు చెప్పారంటే, మీ బ్యాంకు, మీ ఫండ్ సంస్థ. మీ పాన్ నంబరుతో ఆ వివరాలు పన్నుల శాఖకు పంపడం చట్ట ప్రకారం వాటి బాధ్యత. మీ అనుమతి అడగరు. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు వేస్తే అదీ వెళ్తుంది. 2021 నవంబరు నుంచి వీటిని ఏఐఎస్ పేరుతో మనకు చూపిస్తున్నారు. పంపడం అంతకుముందు నుంచీ ఉన్నదే. చట్టం అనుమతించిన మేరకు ఆ శాఖ ఇతర ప్రభుత్వ సంస్థలకూ ఇస్తుంది. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీతో, కస్టమ్స్ బోర్డుతో 2020 జులైలో ఒప్పందాలు చేసుకుంది. మన లెక్క ఎవరెవరు అడిగి తీసుకున్నారో ఏఐఎస్‌లో మనకు కనిపించదు. అది కనిపించాలి, తెలుసుకునే హక్కు మనకు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే మీ ఇంట్లోవాళ్లకు తెలిసేది ఆ దారిలో కాదు. ఏఐఎస్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఏమిటో చూడండి: చిన్న అక్షరాల్లో పాన్, దాని పక్కనే పుట్టిన తేదీ. ఆ రెండూ మీ పాన్ కార్డు మీదే ఉంటాయి. అంటే పాన్ కార్డు జిరాక్సు ఉన్నవాళ్ల చేతికి ఆ ఫైలు వాట్సాప్‌లో వచ్చిందంటే, తాళం, తాళంచెవి రెండూ ఇచ్చినట్టే. కాబట్టి ఫైలు ఫార్వర్డ్ చేయకండి. ప్రింటు ఆడిటర్ దగ్గరే ఉండిపోతే వెనక్కి తీసుకోండి. ఈ-ఫైలింగ్ పోర్టల్లో ప్రొఫైల్ తెరిచి, అక్కడ ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిల్ ఉన్నాయో చూడండి. చాలామందికి అబ్బాయిదో ఆడిటర్‌దో ఉంటుంది! మీవి పెట్టుకుని పాస్‌వర్డ్ మార్చండి. అక్కడే ఈ-ఫైలింగ్ వాల్ట్ అనే అదనపు తాళం ఉంది. అందులో ఆధార్ ఓటీపీ పెట్టుకుంటే, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు కూడా మీ ఫోన్ లేకుండా లోపలికి రాలేరు.

స్థలం కొన్నా అమ్మినా మాత్రం ఇంత గుట్టు ఉండదు. రిజిస్టరైన ఆస్తి వివరాలు ఎవరైనా ఈసీ (రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రం) తీసి చూడవచ్చు.

ఒక్క మాట. పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఆ డబ్బు మీది. కానీ ఆ రెండు ఎఫ్‌డీలకు నామినీ లేకపోతే ఈ వారమే బ్యాంకుకు వెళ్లి పెట్టించండి. రసీదు మీద నామినీ పేరు ముద్రిస్తారేమో ముందే అడగండి.