ఇంగ్లీషు ఈమెయిల్లో ‘ఇన్షాల్లా’ అని వస్తే అవునని అర్థమా, కాదనా? మనమూ వాడొచ్చా?

షార్జాలో ఒక ట్రేడింగ్ ఆఫీసులో ఆరేళ్లు అకౌంట్స్ చూశాను. మొదటి నెలలో నాకూ ఇదే అనుమానం. చెక్కు ఎప్పుడిస్తారని ఒక కస్టమర్‌కి ఫోన్ చేస్తే "టుమారో, ఇన్షాల్లా" అన్నాడు. నేను అమాయకంగా రేపటి తేదీ రాసిపెట్టుకున్నా. ఆ రేపు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

కానీ తప్పు ఆ మాటది కాదు. అరబిక్‌లో అది మూడు పదాలు, ‘ఇన్ షాఅ అల్లాహ్’. అల్లా తలిస్తే అని అర్థం. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు ఈ మాట చేర్చకుండా చెప్పొద్దని ఖురాన్ 18వ సూరా (అధ్యాయం), కహఫ్‌లో ఉంది (23, 24 ఆయతులు, అంటే వాక్యాలు). భక్తితో అనేవాళ్లకి అది తప్పించుకునే దారి కాదు, రేపు మన చేతిలో లేదని ఒప్పుకోవడం. తెలుగు క్రైస్తవులు ‘ప్రభువు చిత్తమైతే’ అనడం వినే ఉంటారు. యాకోబు పత్రిక 4:15లోదీ ఆ మాటే. అరబ్బు క్రైస్తవులు కూడా ఇన్షాల్లా అంటారు. మా ఆఫీసులో లెబనాన్ క్రైస్తవుడు ఒకాయన రోజుకి ఇరవైసార్లు అనేవాడు. కాబట్టి మీరూ నిక్షేపంగా అనొచ్చు, వెటకారంగా మాత్రం వద్దు.

ఇంగ్లీషులోకి ఆ వెటకారం కూడా వచ్చేసింది. 2020 సెప్టెంబర్ 29న అమెరికా అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో ట్రంప్ తన ట్యాక్స్ రిటర్నులు చూస్తారులే అంటే, బైడెన్ "ఎప్పుడు? ఇన్షాల్లా?" అన్నాడు. ఆ వాడుకలో అది మన ‘వచ్చినప్పుడు చూద్దాంలే’.

మరి మీ ఈమెయిల్ సంగతి ఎలా తెలుస్తుంది? ఆ మాట పక్కన ఏముందో చూడండి. "గురువారం పదింటికి వస్తాను, ఇన్షాల్లా" అంటే మనిషి చాలావరకు వస్తాడు. రోజూ, టైమూ లేకుండా "చూద్దాం, ఇన్షాల్లా" అంటే మర్యాదగా కాదన్నట్టే. తేదీ అడుగుతూ మళ్లీ రాయండి, ఏమీ అనుకోరు.

ఒకసారి నేను "ఇన్‌వాయిస్ పంపేశాను, ఇన్షాల్లా" అని రాస్తే ఈజిప్టు కొలీగ్ నవ్వి "పంపావా, పంపుతావా?" అన్నాడు. జరగబోయేదానికే అది. జరిగిన మంచిని చూసి మెచ్చుకోవాలంటే ‘మాషాల్లా’.

‘ఇన్షాల్లా’ అని కలిపి రాస్తే అర్థం చెడిపోతుందని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. ఆ పట్టింపు అరబిక్ లిపికి సంబంధించింది. ఇంగ్లీషు డిక్షనరీల్లో కలిపే ఉంటుంది, నేనూ కలిపే రాసేవాణ్ని.