మధురవాడా, విజయనగరమా, శ్రీకాకుళమా: మేనకోడలికి అత్త ఉత్తరం

చి.ల.సౌ. అమ్మలుకి అత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అల్లుడిని వారానికి రెండు రోజులు విశాఖ రుషికొండ ఆఫీసుకి వస్తే చాలన్నారనీ, హైదరాబాద్ వదిలి మన వైపు వచ్చేద్దామనుకుంటున్నారనీ తెలిసి చాలా సంతోషమేసింది. మధురవాడలో ఫ్లాట్ తీసుకోవాలా, విజయనగరమా, శ్రీకాకుళమా అని అడిగావు. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ఏఎన్ఎంగా విజయనగరం, శ్రీకాకుళం రెండు ఊళ్లలోనూ గడప గడపకీ తిరిగినదాన్ని. పిల్లలకి టీకాలు వేశాను, బాలింతల్ని చూశాను, జ్వరాల సీజన్లో ఇంటింటికీ వెళ్లి నీళ్ల డ్రమ్ముల మూతలు తీసి చూశాను. ఏ వీధిలో పిల్లలు బాగా పెరుగుతారో, ఏ వీధిలో తల్లులు అలిసిపోతారో అలా తిరిగాకే నాకు తెలిసింది. నీ కూతురికి తొమ్మిదేళ్లు. ఇంకో ఏడాదికి ఆ పిల్ల ఎవరూ చెయ్యి పట్టుకోకుండా బడికో, సంగీతం క్లాసుకో, మూల మీది కొట్టుకో వెళ్లి రాగలగాలి. నన్నడిగితే పిల్లల్ని పెంచడానికి మంచి చోటంటే అదే. మిగతావన్నీ దాని తరవాత చూసుకోవచ్చు.

ఆ లెక్కన చూస్తే మధురవాడ నాకు నచ్చదు. అల్లుడికి ఆఫీసు దగ్గరే, కాదనను. కానీ ఆ రెండు రోజుల కోసం మిగతా అయిదు రోజులూ పిల్లల్ని సెల్లారులో కార్ల మధ్య ఆడిస్తావా? గేటు దాటితే హైవే. బడికి వ్యాను, ఆటకి వ్యాను, స్నేహితురాలి ఇంటికి నీ స్కూటీ. అద్దె కూడా ఇక్కడికంటే బాగా ఎక్కువ.

ఇక మన ఊళ్లు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి విని శ్రీకాకుళం అంటేనే అల్లుడు భయపడుతున్నాడని రాశావు. ఆ భయం తీసెయ్యమను. ఉద్దానం అంటే పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న కొబ్బరి, జీడి తోటల సీమ. శ్రీకాకుళం టౌన్ నుంచి పలాసే 70 కిలోమీటర్ల పైమాట. అక్కడి జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. పాపం ఆ ఊళ్లలో ఒక్కో ఇంట్లో ఇద్దరేసి డయాలసిస్‌కి తిరిగేవాళ్లు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఆ ఊళ్లకి వెళ్తున్నాయి. ఆ బాధ పెద్దదే, కానీ శ్రీకాకుళం టౌన్లో ఇల్లు తీసుకోకపోవడానికి అది కారణం కాదు.

శ్రీకాకుళానికి సుళువులున్నాయి. బలగ, పి.ఎన్. కాలనీ వైపు ఇళ్లు తీసుకుంటే పెద్దాసుపత్రి, బడులు, బజారు అన్నీ చిన్న చుట్టులో ఉంటాయి. రిమ్స్ అని అందరం ఇప్పటికీ పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి 2008 నుంచి మెడికల్ కాలేజీతో నడుస్తోంది. నాగావళి ఒడ్డున సాయంత్రం గాలి బాగుంటుంది. ఆటలంటే ఇష్టమున్న పిల్లకి కోడి రామ్మూర్తి పేరు పెట్టిన స్టేడియం ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి, ఈ మాట మీ పిల్లకి చెప్పు. ఇబ్బందల్లా అల్లుడి ప్రయాణమే. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ టౌన్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. రోడ్డు మీద విశాఖ 100 కిలోమీటర్ల పైనే. వారానికి రెండుసార్లు పొద్దున్నే పోయి రాత్రికి వస్తుంటే ఆరు నెలల్లో విసుగొస్తుంది. ఆ విసుగు ఎవరి మీద తీరుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు. రైల్లో దాదాపు గంట. రోడ్డు మీదైతే ఆనందపురం దగ్గర హైవే ఎక్కితే రుషికొండ దగ్గరే. మీ అత్తగారి గజపతినగరం అటు, మీ అమ్మావాళ్ల ఊరు ఇటు, నడుమ ఈ ఊరు. అందుకే నా ఓటు విజయనగరానికి. ఒక్క మాట మాత్రం ఆలోచించు. మీ నాన్న మోకాళ్ల నొప్పులు ముదిరి నువ్వు రోజూ పక్కనుండాల్సి వస్తే శ్రీకాకుళానికే వెళ్లు. అప్పుడు అల్లుడు ఆ ప్రయాణం భరించాలి, భరిస్తాడు కూడా.

విజయనగరంలో పిల్లకి దొరికే ఒక గొప్ప సంగతి చెబుతాను. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఇక్కడే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. మీ పిల్లకి గొంతుందని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. సాయంత్రం పూట అక్కడికి నడిచి వెళ్లి పాట నేర్చుకుని వచ్చే పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారు. ఏ అపార్ట్‌మెంట్ క్లబ్ హౌసూ ఆ భాగ్యం ఇవ్వదు. చిన్నవాడు పెద్దయ్యాక ఆరో తరగతికి కోరుకొండ సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్ష రాయించుకోవచ్చు, దానికింకా టైముంది.

ఊరు తేలాక వీధి సంగతి. నేను అన్నిటికన్నా ముందు నీళ్లు చూస్తాను. కొళాయి ఉందా అని అడగకు, అన్ని ఇళ్లకీ ఉంటుంది. ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎన్నింటికి, ఎంతసేపు అని అడుగు. ఏప్రిల్, మే నెలల్లో ఎలా వస్తుందో విడిగా అడుగు. విజయనగరానికి చంపావతి, గోస్తని ఊటబావుల నీళ్లొస్తాయి. ఎండలు ముదిరితే ఏట్లో నీళ్లు తగ్గుతాయి, కొళాయిలోనూ తగ్గుతాయి. నీళ్లు రోజూ రాని వీధిలో జనం డ్రమ్ముల్లో, సిమెంటు తొట్లలో పట్టి ఉంచుకుంటారు. డెంగ్యూ దోమకి మురికి కాలువ అక్కర్లేదు, అలా నిలవున్న మంచినీళ్లే కావాలి. గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని తొట్లన్నీ ఖాళీ చేయించేది ఆ చక్రం తెంపడానికే. ఎన్నో ఇళ్లలో డ్రమ్ము మూత తీసి టార్చి వేస్తే వెలుగుకి భయపడి పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకి దిగిపోయేవి. ఆ ఇల్లాలు అప్పటిదాకా శుభ్రంగానే కడుక్కుంటున్నాననుకునేది. ఆ దోమ కుట్టేది పగటిపూట, పిల్లలు ఆడుకునే వేళ. కాబట్టి నువ్వు చూసే ఇంట్లోనే కాదు, పక్కింటి వాళ్ల పెరట్లోనూ ఎన్ని డ్రమ్ములున్నాయో చూడు.

బోరు నీటి సంగతి ఓనర్ని అడిగితే కొబ్బరినీళ్లే అంటాడు. పక్కింటావిడని కందిపప్పు ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతోందని అడుగు. అయిదారు దాటితే నీళ్లలో గడుసుందని తెలుసుకో. ఒక చెంబుడు నీళ్లు రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున అడుగున ఎర్రగా పేరుకుందేమో చూడు.

ఇల్లు చూడటానికి అక్టోబరులో రా. సంక్రాంతికి వచ్చి చూస్తే ప్రతి వీధీ బాగానే కనిపిస్తుంది. మన జిల్లాలకి తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గట్టి వాన కురిసిన మర్నాడు వీధిలో నడిచి గోడల మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో చూడు. గెడ్డ (వాగు) పక్కనున్న లేఔట్లు, చెరువు పల్లంలో మట్టి పోసి కట్టిన ఇళ్లు అప్పుడు దొరికిపోతాయి. కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది, ఇంట్లో కూర్చుని పనిచేసే అల్లుడికి అది ముఖ్యం. దసరా తరవాత మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం, పిల్లలకి పైడితల్లి అమ్మవారి దర్శనం కూడా అవుతుంది. కాకపోతే ఆ వారం మూడు లాంతర్లు, కోట వైపు జనమే జనం, ఇళ్లు చూడటానికి అవ్వదు. పండగ చూసుకుని, ఆ తరవాత ఇళ్లు చూద్దాం.

కంటోన్మెంట్, తోటపాలెం, బాలాజీ నగర్ ముందు చూద్దాం. దాసన్నపేటలో పాత ఇళ్లకి పెరళ్లుంటాయి, అద్దె కాస్త తక్కువ. అయ్యకోనేరు గట్టు మీద పొద్దుటా సాయంత్రం పెద్దవాళ్లు నడుస్తుంటారు. అలా నలుగురు పెద్దవాళ్లు తిరిగే దారి పిల్లలకి భద్రం. బడి వదిలే వేళకి గేటు దగ్గర పావుగంట నించో. ఎంతమంది నడిచి వెళ్తున్నారు, ఎంతమంది ఆటోల్లో కిక్కిరిసి వెళ్తున్నారు, బాత్రూములు ఎలా ఉన్నాయి, ఆడుకోవడానికి జాగా ఉందా, ఇవి చూస్తే బ్రోచరు చదవక్కర్లేదు. నాలుగో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనేవాళ్ల దగ్గరికి మాత్రం పంపకు. నీ కూతురికి టెన్షన్ పెట్టుకునే వయసింకా రాలేదు.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి స్థలం కొనమని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మొదటి ఏడాది ఒక్క గజం కూడా కొనకండి, అద్దెకుండండి. తరవాత కొనేటప్పుడు లేఔట్‌కి ఎల్పీ నంబరు (లేఔట్ అనుమతి నంబరు), రెరా నంబరు అడగండి. ఈసీ (ఆ స్థలం మీద పాత అమ్మకాలు, అప్పులు చూపించే పత్రం) తీయించండి. సర్వేయరుని వెంటబెట్టుకుని ఆ సర్వే నంబరు చెరువుదో, గెడ్డదో కాదని తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పిల్లలు ఇంటర్ పరీక్ష రాసే నాటికి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే కాలేజీ సీట్లలో అక్కడే లోకల్ అవుతారు. అంటే తొమ్మిదో తరగతి నుంచి లెక్క. మీకు ఇంకా టైముంది కాబట్టి మధ్యలో హడావిడిగా పిల్లని మార్చకు. ఈ చదువు సంవత్సరం అక్కడే పూర్తి చేయించి, జూన్‌లో బళ్లు తెరిచే నాటికి ఇక్కడికి రండి. వచ్చేముందు టీసీతో పాటు ఇప్పటిదాకా చదివిన ఏళ్లన్నిటికీ స్టడీ సర్టిఫికెట్లు సంతకం, ముద్ర వేయించి తీసుకురా. తరవాత కావాలంటే మళ్లీ హైదరాబాద్ పరిగెత్తాలి.

అల్లుడికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో కనుక్కుని రాయి. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది, వారం రోజులుండేలా రండి. నీళ్ల టైము, వ్యాన్ల టైము అడగడానికి మా పాత ఆశా వర్కర్లకి ఇప్పుడే చెప్పి ఉంచుతాను.

మీ అత్త,
విజయనగరం